పదిహేడో గడి

ఆ రోజు ఉదయం జతగారు వేసుకున్న పథకంలో మొత్తం నాలుగే మెట్లున్నాయి. మొదట జీతపు ధ్రువపత్రం సంపాదించాలి. తర్వాత ఫారం నింపాలి. సాయంత్రం ఐదింటిలోగా దాన్ని బ్యాంకువాళ్ళ చేతిలో పెట్టాలి. చివరగా ఇంటికొచ్చి ఏమీ ఎరగనట్టు కూర్చోవాలి. అన్నిటికంటే ఆఖరిదే సులువని అతను అనుకున్నాడు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఏమీ ఎరగనట్టు కూర్చోవడం అతనికి బాగా అలవాటైన పని.

జతగారు అన్నది అతనికి అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. తూనికలు, కొలతల కార్యాలయంలో అతను ఉత్తరాల సెక్షన్ పెద్ద గుమాస్తా. ఆ సెక్షన్ నుంచి ఏ ఉత్తరం బయటికి వెళ్ళినా దాని చివర "అనుబంధం: ఒకటి. జతపరచడమైనది" అన్న మాట ఉందా, ఉంటే ఆ జతపరిచిన కాగితం నిజంగా లోపల ఉందా అని కవరు అంటించేలోపు మూడుసార్లు చూసేవాడు. అంటించాక వెలుతురుకి ఎత్తి పట్టుకుని నాలుగోసారి చూసేవాడు. చూసీ చూసీ ఆఫీసంతా అతన్ని జతగారనడం మొదలుపెట్టింది. అతని అసలు పేరు జీతాల రిజిస్టరులో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

ఈ చాదస్తానికి ఒక కారణం ఉంది. ఆ కారణం ఇరవై రెండేళ్ళుగా పడకగదిలో బీరువా మీద కూర్చుని ఉంది. అది ఒక గడ్డి టోపీ. పెళ్ళయిన కొత్తలో సముద్రం చూడటానికి బయల్దేరుతూ భార్య ఎంతో ఇష్టపడి కొనుక్కుంది. ఆమె అంతవరకూ సముద్రం చూడలేదు. స్టేషనుకి చేరారు, రైలుపెట్టె కనిపించింది, సీట్లు కనిపించాయి. టికెట్లు మాత్రం ఇంట్లో బల్ల మీద ఉండిపోయాయి. రైలు కదిలిపోతుంటే ఆ టోపీ పెట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ భార్య ఒక్క మాట కూడా అనలేదు. అప్పుడు తిట్టేసినా బాగుండేది. ఆ తర్వాత పిల్ల చదువనీ, ఇల్లనీ సముద్రం వాయిదా పడుతూనే వచ్చింది. రోజూ ఉదయం చొక్కా కోసం బీరువా తలుపు తీసినప్పుడల్లా పైనున్న టోపీ చూసి జతగారు తల దించుకునేవాడు.

మూడు నెలల క్రితం పేపర్లో ప్రయాణాల క్రెడిట్ కార్డుల ప్రకటన ఒకటి చూశాడు. వాడినకొద్దీ మైళ్ళు ఇస్తారట. వెంటనే ఒక నోటుబుక్కు కొన్నాడు. పద్నాలుగు కార్డుల వివరాలు తెప్పించి గడులు గీసి రాసుకున్నాడు. మైళ్ళంటే నడిచే దూరం కాదని, పెట్టే ఖర్చని తెలుసుకున్నాడు. లాంజ్ అంటే విమానం కోసం ఎదురుచూసేవాళ్ళు మెత్తటి కుర్చీల్లో కూర్చునే గది అని రాసుకుని, "మెత్తటి" కింద గీత గీశాడు. రహస్యం బయటపడకూడదని కార్డుల పేర్లు రాయకుండా అంకెలే వేశాడు. చివరికి తొమ్మిదోది ఖాయం చేశాడు. దాని పేరు నీలిరెక్క. అందులో చేరినవాళ్ళకి సముద్రతీరానికి రెండు విమాన టికెట్లు కానుక. గడువు ఈ రోజు సాయంత్రం ఐదు గంటలు.

"ఏమండీ, టీ చల్లారిపోతోంది. ఆ బీరువా వెనకాల ఏం వెతుకుతున్నారు?" అని వంటింట్లోంచి భార్య కేకేసింది.

"ఏం లేదు, బొత్తాం పడిపోయింది" అంటూ నోటుబుక్కుని బీరువా వెనక్కి తోసేశాడు జతగారు.

"చొక్కాకి బొత్తాలన్నీ ఉన్నాయిగా?"

"ఇది వేరే బొత్తాం."

భార్య అతని వంక ఒక్క క్షణం చూసి కప్పు చేతికిచ్చింది. పథకం అలా మొదలైంది.

ఆఫీసులో జీతాల సెక్షన్‌ని ఏలే ఆవిడని అందరూ ఎదురుగా మేడమ్ అనీ, వెనకాల అభ్యంతరం మేడమ్ అనీ అంటారు. పెళ్ళి చేసుకోలేదు, సెలవు పెట్టదు, అద్దం పెట్టి చూడకుండా ఎవరి సంతకాన్నీ నమ్మదు. ఏ కాగితం తీసుకెళ్ళినా పచ్చ సిరాతో "అభ్యంతరం" అని రాసి తిప్పి పంపుతుంది. జతగారి దరఖాస్తుని భూతద్దం కింద పెట్టి పైనుంచి కిందికి చదివింది.

"ధ్రువపత్రం ఎందుకో కారణం రాయలేదు."

"వ్యక్తిగతం మేడమ్."

"వ్యక్తిగతం కారణం కాదు. అది కారణం చెప్పకపోవడం."

జతగారు చుట్టూ చూసి, బల్ల మీదికి వంగి, గొంతు తగ్గించాడు. "మేడమ్, మీకు చెప్పకేం. ప్రయాణం. సముద్రానికి. మా ఇంట్లో తెలియకూడదు. మీరు ఊ అంటేనే ఇది సాగుతుంది. కాదన్నారంటే ఇన్నేళ్ళ నా ఆశ నీరుగారిపోతుంది."

అభ్యంతరం మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఆవిడకి ఇంట్లోవాళ్ళని ఆశ్చర్యపరిచే మగవాళ్ళంటే కొంచెం గౌరవమే. "సరే. పదకొండేళ్ళుగా మీ కాగితాలు చూస్తున్నాను. ఎప్పుడూ తప్పు లేదు. మధ్యాహ్నంలోగా ఇస్తాను" అంది.

రెండు సెక్షన్లకీ మధ్య అడ్డంగా ఉన్న ఫైళ్ళ బీరువాకి అవతలివైపు టైపిస్టు కూర్చుంటుంది. ఆవిడని ఆఫీసంతా రేడియో అంటారు. ఇటువైపు మాటలు మొదలవగానే ఆవిడ టైపు చప్పుడు ఆగిపోయింది. మాటలు పూర్తయ్యాక మళ్ళీ మొదలైంది, రెట్టింపు వేగంతో.

భోజనాల వేళకి ధ్రువపత్రం చేతికొచ్చింది. జతగారు తలుపు పక్క బల్ల దగ్గర కూర్చుని ఫారం తెరిచాడు. చక్కటి తెలుగులో ఉంది. ఇరవై నాలుగు గడులు. పదహారో గడి "జీవిత భాగస్వామి పేరు, ఫోను (ఐచ్ఛికం)". ఐచ్ఛికం అంటే నింపినా సరే, మానినా సరే. నింపితే బ్యాంకువాళ్ళు ఆమెకి ఫోన్ చేసి రహస్యం బయటపెడతారు. దాన్ని ఖాళీగా వదిలేశాడు.

పదిహేడో గడి దగ్గరికి రాగానే అతని ముఖం వికసించింది. "అనుబంధం" అని ఉంది. ఇరవై ఆరేళ్ళుగా ఎరిగిన మాట. ఈ బ్యాంకువాళ్ళెవరో పద్ధతి తెలిసిన మనుషులనుకున్నాడు. అనుబంధం అంటే జతచేసే కాగితం. ఇక్కడ జతచేస్తున్నది జీతపు ధ్రువపత్రం. దాన్ని ఇచ్చింది జీతాల సెక్షన్ మేడమ్. పేరు అన్నచోట ఆవిడ పేరు గుండ్రటి అక్షరాలతో రాశాడు. ఫోను దగ్గర ఆవిడ నంబరు వేశాడు. "మీతో సంబంధం" అన్నచోట "అధికారికం" అని రాశాడు. "ఎంతకాలంగా" అంటే "పదకొండు సంవత్సరాలు" అన్నాడు. అలవాటు కొద్దీ చివర "జతపరచడమైనది" అని కూడా చేర్చి చుక్క పెట్టాడు.

ఇరవై రెండో గడిలో కార్డు ఎక్కడికి పంపాలని అడిగితే ఆఫీసుకని రాసి, "ఇంటికి వద్దు" అని దాని కింద రెండు గీతలు గీశాడు. ప్రత్యేక సూచనలు అన్నచోట "ఇంట్లో తెలియనివ్వవద్దు" అన్నాడు. మూడుసార్లు చదువుకున్నాడు. తృప్తిగా ఉంది.

రెండింటికి బ్యాంకు ఏజెంటు వచ్చాడు. చంకలో తోలుసంచి, అరిగిపోయిన బూట్లు, యాభై దాటిన మనిషి. ఫారం మీద వేలు పెట్టి గడులు లెక్కపెట్టుకున్నాడు.

"పదహారు ఖాళీ, పదిహేడు నిండింది. సరే సార్, మీ ఇష్టం. మా పని గడులు చూడటమే, మనుషుల్ని చూడటం కాదు" అన్నాడు.

"ఇవాళ్టికి అయిపోతుందా?"

"చిన్న తనిఖీ ఉంటుంది సార్. రెండు ప్రశ్నలు. నాలుగింటికల్లా అయిపోతుంది."

తనిఖీ అంటే ఫోన్లో అడుగుతారని జతగారు అనుకున్నాడు. ఏజెంటు అలా అనుకోలేదు.

రెండున్నరకి అభ్యంతరం మేడమ్ తన కుర్చీలోంచి లేచి ఉత్తరాల సెక్షన్‌కి వచ్చింది. పదకొండేళ్ళలో ఆవిడ ఇటువైపు రావడం అదే మొదటిసారి. సెక్షన్‌లో కలాలన్నీ ఆగిపోయాయి.

"చూడండి, మీ అనుబంధం నేనేనా అని బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది. నిజమైతే ఒకటి నొక్కమన్నారు."

"మీరే కదా మేడమ్. మీరు కాక ఇంకెవరు?"

"నేనూ అదే అనుకున్నాను. నొక్కాను. అడిగింది రాతపూర్వకంగా కాబట్టి జవాబూ రాతపూర్వకంగానే ఉండాలి."

"చాలా సంతోషం మేడమ్. ఈ జన్మలో మర్చిపోను."

రేడియో టైపు మిషను మీద రెండు చేతులూ పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఇలాంటి రోజు కోసమే ఆవిడ తొమ్మిదేళ్ళుగా ఆ మూల కూర్చుంది. పది నిమిషాల తర్వాత మంచినీళ్ళ కోసం వరండాలోకి వెళ్ళిన జతగారిని చూసి ముగ్గురు నవ్వారు, ఒకరు భుజం తట్టారు, తూనికల ఇన్‌స్పెక్టరు "ఈ వయసులో ధైర్యం సార్ మీకు" అన్నాడు. విమానం ఎక్కడం గురించి అంటున్నాడనుకుని జతగారు "మొదటిసారి కదా, కొంచెం భయంగానే ఉంది" అని నిజం చెప్పాడు.

మూడుంబావుకి బల్ల మీద ఫోన్ మోగింది. భార్య.

"ఏమండీ, బ్యాంకు నుంచని ఒకాయన ఇంటికొచ్చారు. మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టాను." ఆమె గొంతు చాలా మెత్తగా ఉంది. మామూలుగా ఆమె గొంతు అంత మెత్తగా ఉండదు.

జతగారు కుర్చీలోంచి లేచాడు. "ఇంటికొచ్చాడా! వద్దని రెండు గీతలు గీసి మరీ రాశానే!"

"చూశాను. ఇంట్లో తెలియనివ్వవద్దని కూడా రాశారు."

పథకం పాడైంది. ఇక దాచి లాభం లేదు. జతగారు నిట్టూర్చాడు. "పోనీలే, తెలిసిపోయింది కదా. నీకు చెప్పకుండా చేశానని కోపమా?"

"కోపమెందుకు? ఎన్నాళ్ళ నుంచి నడుస్తోంది?"

"మూడు నెలలు."

"ఇందులో పదకొండేళ్ళని ఉంది."

"అది మేడమ్‌గారి సంగతి. ఆవిడ పదకొండేళ్ళ నుంచి ఉన్నారు. నేను దిగింది మూడు నెలల క్రితమే."

అవతల్నుంచి కుర్చీ జరిపిన చప్పుడు, ఏజెంటు దగ్గు వినిపించాయి.

"నువ్వేం కంగారుపడకు. తొందరపడి చేసిన పని కాదు" అని జతగారు ధైర్యం చెప్పాడు. "మొత్తం పద్నాలుగు చూశాను. ఒక్కోదాని గుణం, దోషం పక్కపక్కన పెట్టి చూసుకుని, ఆఖరికి దీన్ని ఖాయం చేసుకున్నాను. నోటుబుక్కు బీరువా వెనకాల ఉంది, కావాలంటే చూడు."

"పద్నాలుగు."

"అన్నీ నీ కోసమే. నిన్ను సర్‌ప్రైజ్ చేద్దామని."

"చేశారు" అని భార్య ఫోన్ పెట్టేసింది.

ఎంత సంతోషపడిందో మాట కూడా రాలేదని అతను అనుకున్నాడు.

నాలుగింటికి ఆఫీసు తలుపు తెరుచుకుంది. ముందు భార్య, ఆమె చేతిలో నోటుబుక్కు, వెనకాల సంచి పట్టుకున్న ఏజెంటు. జతగారు నవ్వుతూ లేచాడు. ఆమె అతన్ని దాటి నేరుగా జీతాల సెక్షన్‌కి వెళ్ళి, మేడమ్ ఎదుట కుర్చీలో కూర్చుంది. సెక్షన్ సెక్షనంతా ఏదో ఒక ఫైలు పట్టుకుని అటే నడిచింది.

"నేను ఆయన భార్యని" అంది.

"చాలా సంతోషం. కూర్చోండి" అంది అభ్యంతరం మేడమ్, ఆమె అప్పటికే కూర్చుందన్నది గమనించకుండా.

"మీకూ ఆయనకీ అనుబంధం పదకొండేళ్ళ నుంచట, నిజమేనా?"

"అవును. నెలనెలా ఉంటుంది. ఒక్కోసారి నెలకి రెండు. ఏనాడూ ఆయన నా దగ్గర్నుంచి ఉత్తచేతులతో వెళ్ళలేదు."

"ఇవాళ కూడా వచ్చారా?"

"పొద్దున్నే వచ్చారు. చాలా బతిమాలారు. మొదట కాదన్నాను గానీ, పాపం మొహం చూసి ఇచ్చేశాను."

రేడియో ఒక చేత్తో గోడ పట్టుకుంది.

భార్య నోటుబుక్కు తెరిచి పైకి చదవడం మొదలుపెట్టింది. "మూడోది: పైకి మెరుపులే, లోపల ఏమీ లేదు. ఏడోది: మొదటి ఏడాది బాగానే ఉంటుంది, తర్వాత పీల్చి పిప్పి చేస్తుంది. పదోది: తూనికల ఇన్‌స్పెక్టరు ఇప్పటికే వాడుతున్నాడు, సుఖం లేదంటున్నాడు."

"నేనా!" అని తూనికల ఇన్‌స్పెక్టరు ఫైలు కింద పడేశాడు.

"తొమ్మిదోది: అన్ని విధాలా నచ్చింది. ఇదే ఖాయం." ఆమె పుస్తకం మూసి మేడమ్ వంక చూసింది. "తొమ్మిదోది మీరేనా?"

అభ్యంతరం మేడమ్ జీవితంలో మొదటిసారి అభ్యంతరం చెప్పడానికి మాట దొరకక నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. జతగారికి అప్పుడు కూడా పూర్తిగా వెలగలేదు. ఏదో పొరపాటు జరుగుతోందని మాత్రం అర్థమైంది. "అది కార్డు! తొమ్మిదోది నీలిరెక్క కార్డు! మేడమ్‌గారు అనుబంధం మాత్రమే!" అని అరిచాడు.

"అదే కదా సార్ మేమూ అంటున్నాం" అంది రేడియో.

"అనుబంధం అంటే జతచేసే కాగితం! జీతపు ధ్రువపత్రం!"

అప్పుడు ఏజెంటు దగ్గి ముందుకొచ్చాడు. "కాదు సార్. అనుబంధం అంటే రెండో కార్డు. మీ కార్డుతో పాటు మీ ఇంట్లో మనిషికి ఇస్తాం. అందరూ అక్కడ భార్య పేరో భర్త పేరో రాస్తారు. మీరు మేడమ్‌గారి పేరు రాశారు. సంబంధం అధికారికం అన్నారు. జతపరచడమైనది అని కూడా అన్నారు. పాతికేళ్ళుగా ఈ పని చేస్తున్నాను, ఇంత నిజాయితీగా రాసినవాళ్ళని చూడలేదు."

ముందు ఎవరో ఒకరు కిసుక్కుమన్నారు. ఆ తర్వాత ఇక ఎవరూ ఆపుకోలేకపోయారు. జతగారికి తల తీసేసినట్టయింది. ఆ నవ్వులో కలవనివాళ్ళు ఇద్దరే ఉన్నారు. వాళ్ళిద్దరూ ఎదురెదురు కుర్చీల్లో కూర్చున్నారు. ఎటు చూడాలో తెలియక జతగారు గోడ మీద గడియారం చూశాడు. నాలుగూ ఇరవై.

"ఇంకా నలభై నిమిషాలుంది. గడి మార్పిస్తాను. బ్యాంకుకి పదండి!" అన్నాడు.

బ్యాంకు రెండు వీధుల అవతలే ఉంది. జతగారు పరుగులాంటి నడకతో ముందు వెళ్ళాడు. వెనకాల భార్య, మేడమ్, ఏజెంటు. దారిలో అతనికి సిగ్గు కాస్తా కోపంగా మారింది. కోపం మోయడానికి తేలిగ్గా ఉంటుంది. బ్యాంకు మేనేజరమ్మ బల్ల ముందు నిలబడేసరికి అది బాగా ముదిరింది.

"ఈ ఫారం తెలుగు చేసిన ప్రబుద్ధుడెవరండీ? రెండో కార్డుని అనుబంధం అంటాడా? ఆ మాటకి ఆఫీసులో ఒక అర్థం, ఇంట్లో ఒక అర్థం ఉన్నాయని తెలియదా? చదువుకున్నవాడేనా? ఇలాంటివాడి వల్ల సంసారాలు కూలిపోవూ? వాడి పేరు చెప్పండి, ఉత్తరం రాస్తాను, కాపీ పై ఆఫీసుకి కూడా పంపుతాను!"

"ఫారాలు పై ఆఫీసు నుంచి వస్తాయండీ. ఎవరు రాశారో మాకేం తెలుస్తుంది?" అంది మేనేజరమ్మ.

"తెలుస్తుంది" అంది అభ్యంతరం మేడమ్. ఆవిడ అప్పటికే ఫారం ఆఖరి పేజీ తిప్పి, భూతద్దం తీసి, అట్టడుగున చీమ తలకాయలంత అక్షరాల వరుస మీద పెట్టింది. "పేరు అచ్చువేశారు. తెలుగు సేత..."

ఆవిడ ఆగింది. అద్దాన్ని కొంచెం దూరం జరిపింది, మళ్ళీ దగ్గరికి తెచ్చింది. తర్వాత ఆ అక్షరాల్ని పైకి చదివింది. జీతాల రిజిస్టరులో తప్ప ఇంకెక్కడా మిగల్లేదనుకున్న పేరు అది.

జతగారు కుర్చీ కోసం తడుముకున్నాడు.

ఎనిమిదేళ్ళ క్రితం సంగతి. అప్పట్లో సాయంత్రాలు అతను బయటి కాగితాలు తెలుగు చేసిపెట్టేవాడు. కుట్టుమిషను వాడే విధానం, దగ్గుమందు సీసా మీది హెచ్చరికలు, ఏవేవో ఫారాలు, వందల పేజీలు. ఈ ఫారం చేస్తున్నప్పుడు రెండో కార్డు అంటే ఏమిటో అతనికి తెలియలేదు. ఎవర్నైనా అడగడానికి నామోషీ అనిపించింది. ప్రధానమైన దానికి అంటుకుని వచ్చేది కాబట్టి అనుబంధం అన్నాడు. ఆ మాట ఎంతో బాగా కుదిరిందని మురిసిపోయి, కింద తన పేరు అచ్చువేయాలని పట్టుబట్టాడు కూడా.

"ఉత్తరం రాస్తారా?" అని అడిగింది మేనేజరమ్మ, నవ్వాపుకుంటూ.

జతగారు తల అడ్డంగా ఊపాడు. ఆఫీసులో నలభైమంది నవ్వినప్పుడు కూడా ఇంత చిన్నబోలేదు. బల్ల అంచు వంక చూస్తూ అడిగాడు. "ఆ గడి... మార్చడానికి వీలవుతుందా?"

మేనేజరమ్మ కంప్యూటర్ తిప్పి చూపించింది. మేడమ్ ఒకటి నొక్కగానే కార్డులు రెండూ ఖాయమైపోయాయి. కానుక టికెట్లు కూడా వచ్చేశాయి. ఒకటి జతగారి పేరు మీద, రెండోది మేడమ్ పేరు మీద. రద్దు చేసి మళ్ళీ పెట్టుకుందామంటే, కొత్త దరఖాస్తు తయారయ్యేసరికి ఐదు దాటిపోతుంది.

అంతవరకూ పక్కన నిలబడి ఉన్న భార్య ఫారం చేతిలోకి తీసుకుంది. మొదటి గడి నుంచి చదవడం మొదలుపెట్టింది. జతగారు ఆమె కళ్ళు ఒక్కో వరుసా దిగడం చూస్తూ కూర్చున్నాడు. ఆమె ఏం వెతుకుతోందో పదహారో గడి దగ్గర అతనికి అర్థమైంది.

"మేడమ్‌గారి సంగతి నాకర్థమైంది. దాని గురించి కాదు" అంది భార్య నెమ్మదిగా. "ఇరవై నాలుగు గడులున్నాయి. మీ పేరుంది, మీ పై అధికారి పేరుంది, జీతాల మేడమ్ పేరుంది. ఆఖరికి మీ ఆఫీసు వాచ్‌మన్ పేరు కూడా ఉంది, కార్డు అందుకోవడానికి. నా పేరు ఎక్కడా లేదు."

"అది నీకు తెలియకూడదని..."

"మూడు నెలలు కూర్చుని పద్నాలుగు కార్డుల్లో ఒకటి ఎంచుకున్నారు. లాంజ్‌లో కుర్చీలు మెత్తగా ఉంటాయో లేదో కూడా కనుక్కున్నారు. ఎక్కడికి వెళ్దామని, ఎప్పుడు వెళ్దామని నన్ను ఒక్కసారి అడిగారా? ఆ రోజు టికెట్లు మర్చిపోయారు. ఇవాళ మనిషినే మర్చిపోయారు."

ఇరవై రెండేళ్ళ క్రితం ప్లాట్‌ఫారం మీద అనని మాట ఆమె ఇప్పుడంది. ఆ మాటకి ఏ కాగితం జతపరచాలో జతగారికి తోచలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బ్యాంకులో ఏడవడం కూడా నామోషీయే కాబట్టి, కింద పడ్డ పెన్ను వెతుకుతున్నట్టు వంగాడు. నిజానికి పెన్ను జేబులోనే ఉంది.

అతను వంగి ఉండగానే పైన అభ్యంతరం మేడమ్ గొంతు వినిపించింది. ఆవిడ ఫారం వెనకవైపున్న నియమాల మీద భూతద్దం నడిపిస్తోంది. "తొమ్మిదో నియమం. కార్డుదారుడు తన టికెట్టును తన జీవిత భాగస్వామికి బదలాయించవచ్చును. అనుబంధము మాత్రము బదలాయింపబడదు."

"అంటే?" అంది భార్య.

"అంటే, ఆయన సీటులో మీరు వెళ్ళొచ్చు. నా సీటులో నేనే వెళ్ళాలి. తెలుగు బాగానే ఉంది, స్పష్టంగా రాశారు."

ఇద్దరు ఆడవాళ్ళూ ఒకరినొకరు చూసుకున్నారు. బల్ల కింద జతగారు లేని పెన్నుని ఇంకా వెతుకుతూనే ఉన్నాడు.

"మీరు సముద్రం చూశారా?" అని అడిగింది భార్య.

"లేదు. సెలవు పెట్టాలి కదా."

"సెలవు దొరకదా?"

"మూడొందల పన్నెండు రోజులు నిల్వ ఉంది" అంది అభ్యంతరం మేడమ్. ఒక్క క్షణం ఆగి, "నాకేం అభ్యంతరం లేదు" అంది. ఆవిడ నోట ఆ మాట విన్న మొదటి మనుషులు వాళ్ళే.

టికెట్టు బదలాయించడానికి జతగారు సంతకం పెట్టాలి. బల్ల కిందనుంచి లేచి పెట్టాడు. సంతకం కొంచెం వంకరగా వచ్చింది. అభ్యంతరం మేడమ్ అద్దం పెట్టి చూసి, ఈసారికి పోనివ్వమంది.

మూడు వారాల తర్వాత జతగారు రెండు పెట్టెలు మోసుకుంటూ విమానాశ్రయానికి వచ్చాడు. ఈ మూడు వారాల్లో ఆఫీసులో అతని పేరు మారింది. ఇప్పుడందరూ అతన్ని పదిహేడుగారు అంటున్నారు. ఆ పేరుకి అతను పలకడం కూడా మొదలుపెట్టాడు. ఆ మూడు వారాల్లోనే మేడమ్ నాలుగుసార్లు ఇంటికొచ్చి భార్యతో కలిసి ఏ బట్టలు తీసుకెళ్ళాలో చర్చించింది. ఆ చర్చలకి అతన్ని టీ పెట్టడానికి తప్ప పిలవలేదు.

"టికెట్లు?" అని గేటు దగ్గర అడిగాడు.

"నా దగ్గరే ఉన్నాయి. మీ చేతికివ్వలేదుగా" అంది భార్య. ఆమె తల మీద గడ్డి టోపీ ఉంది. అంచు ఒకచోట చిట్లినా, ఇంకా బాగానే ఉంది. "ఆ లాంజ్‌లో కుర్చీలు మెత్తగా ఉన్నాయో లేదో చూసొచ్చి చెప్తాను. వచ్చే ఏడాది మనిద్దరం వెళ్దాం. ఎక్కడికో నేను చెప్తాను, మీరు ఫారం ముట్టుకోకండి."

టికెట్టు లేనివాళ్ళు గేటు దాటకూడదు. జతగారు అద్దానికి ఇటువైపు నిలబడి టోపీ కనిపించినంతసేపూ చూశాడు. ఇంటికొచ్చి చొక్కా మార్చుకోవడానికి బీరువా తలుపు తీశాడు. పైన టోపీ ఉండే చోట దుమ్ములేని గుండ్రటి మచ్చ ఒకటి మిగిలింది. దాని ముందు తల దించుకోవాలా వద్దా అని కాసేపు ఆలోచించాడు.

మర్నాడు సాయంత్రం భార్య నుంచి మెసేజ్ వచ్చింది. "చేరాం. సముద్రం చూశాను. మీరు చెప్పినదానికంటే చాలా పెద్దగా ఉంది. మేడమ్‌గారు మోకాళ్ళ దాకా దిగారు. ఫోటో జతపరచడమైనది."

కిందికి జరిపాడు, పైకి జరిపాడు, ఫోను తిరగేసి కూడా చూశాడు. ఫోటో లేదు.

జతగారు కళ్ళజోడు సవరించుకుని "అనుబంధం అందలేదు" అని జవాబు రాశాడు. పంపేముందు అలవాటు కొద్దీ మూడుసార్లు చదువుకుని, మొదటి మాట చెరిపేసి "ఫోటో" అని దిద్దాడు.